కార్డుకు జ్వరమెక్కించిన స్టార్

శాంతన్నా, కంప్యూటర్‌ను షాపుకు తీస్కపోకు! గ్రాఫిక్స్ కార్డు ఖరాబు కాలే, దొంగ దొరికింది! ఏ గేమూ పెట్టకున్నా అది పెనంలెక్క ఎందుకు కాలుతుందో తెలుసా? క్రిస్మస్‌కు అమ్మ కోసమని నువ్వే స్క్రీన్ మీద గిరగిర తిరిగే స్టార్ పెట్టినవ్. ఈస్టర్ వస్తున్నా అది తిరుగుతనే ఉంది, దాన్ని తిప్పేది ఆ కార్డే, ఇగ దానికి రెస్టేది? దాన్ని తీసేసి కదలని స్టార్ ఫోటో పెట్టిన. జెరసేపట్ల సల్లబడ్డది, ఫ్యాన్ సప్పుడు సుత బందైంది! చెయ్యి పెట్టి చూడు.

చాటుగ నేనే గేములు ఆడుతున్ననని అన్నవ్ గద, వచ్చినంక సారీ చెప్పాలె. క్వయర్ ప్రాక్టీస్‌కు పోతున్న.

షెకీనా

ఇంకోటి: స్టార్ ఎందుకు ఆగిందని అమ్మ అడిగితే, జ్ఞానులకు దారి చూపుకుంట బేత్లెహేము చేరిందని చెప్పు.