కోసి దాచిన పేజీల అప్పగింత

గ్రంథాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు బైండరుగా పనిచేసి విరమణ పొందిన నేను, వయసు డెబ్బై నాలుగు, ఎవరి ఒత్తిడీ లేకుండా, పక్కన కూర్చుని మాట అందించేవాళ్లు లేకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడగానే ఉంది. కళ్లలో పొర వచ్చింది. మనుషుల్ని పోల్చుకోగలను, అక్షరాలను పోల్చుకోలేను. అందుకని నేను చెబుతుంటే లైబ్రేరియన్ గారు రాశారు. నా మాటలు మార్చవద్దని ఆయన్ని ముందే కోరాను. రెండు చోట్ల మార్చబోయారు. ఒప్పుకోలేదు.

ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. రాసేంత ఆస్తి లేదు. ఇప్పుడు రాయడానికి కారణం ఆరో షరతులో ఉంది. ఆస్తి కోసం చదివేవాళ్లు మొదటి మూడు షరతులు చదివి లేచిపోవచ్చు.

నాకు ఒక్కతే కూతురు. పాల కేంద్రంలో పాలు పరీక్షించే ఉద్యోగం. అల్లుడి సంగతి ఈ కాగితం మీద అక్కర్లేదు. కూతురికి ఇద్దరు పిల్లలు. పెద్దవాణ్ని ఇంట్లో ‘ప్రశ్నపత్రం’ అని పిలిచేవాళ్లం, అడగడం మొదలుపెడితే ఆపేవాడు కాదు కాబట్టి. రెండేళ్ల కిందట, పద్నాలుగో ఏట పోయాడు. చిన్నదానికి ఇప్పుడు పదమూడు. ఎప్పుడూ అన్న వెనకాలే ఉండేదని దాన్ని ‘తోక’ అనేవాళ్లం. ఇప్పుడు ఆ పేరుతో ఎవరమూ పిలవడం లేదు.

మనవడికి గుండెలో ఒక కవాటం పుట్టుకతోనే సరిగా మూసుకునేది కాదు. బడి గుట్ట మీద ఉంది. సగం ఎక్కేసరికి వాడి పెదాలు నీలంగా మారేవి. తొమ్మిదో ఏట బడి మాన్పించాం. అన్న మానితే తనూ మానతానని చిన్నది గుమ్మం పట్టుకుని కూర్చుంది. అప్పటినుంచి ఇద్దరి చదువూ ఇంట్లోనే. పొద్దున పనికి వెళ్లేముందు వాళ్లమ్మ పాఠం చెప్పేది, మధ్యాహ్నం నేను. నాకొచ్చిన చదువు తక్కువ. అందుకని పత్రికలు తెప్పించాను.

ఒకటి. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, వెనక పెరడు, పెరట్లోని నీళ్ల తొట్టితో సహా, సర్వహక్కులతో నా కూతురికి చెందాలి. వీధివైపు తలుపు వానాకాలంలో బిగుసుకుంటుంది. కింద కాదు, పైన గీకాలి. ఇది ఎన్నిసార్లు చెప్పినా కిందే గీకుతుంది.

రెండు. కాగితాలు నొక్కే ఇనప ప్రెస్సు, కుట్టు చట్రం, సూదులు, దారం, కత్తి, ఇవన్నీ గ్రంథాలయంలో నా తర్వాత బైండరుగా వచ్చిన అమ్మాయికి. నాకంటే నిదానంగా కుడుతుంది, నాకంటే గట్టిగా కుడుతుంది. ఆమె ఎదుట ఈ మాట ఎప్పుడూ అనలేదు.

మూడు. ముందుగదిలోని చేతుల కుర్చీ మా బావమరిది మాస్టారికి. పిల్లల్ని బడి మాన్పించిన ఏడు ఆయన ఆ కుర్చీలో కూర్చుని, “పుస్తకాలకి అట్టలేసేవాడు పిల్లలకి చదువు చెబుతాడటమ్మా, వినండి!” అని నా కూతురితో అన్నాడు. పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. ఆయన వచ్చినప్పుడల్లా దానికింద అట్టముక్క పెట్టింది నేనే. కుర్చీ ఇస్తున్నాను. అట్టముక్క ఇవ్వడం లేదు.

నాలుగు. ఐదేళ్లపాటు తెప్పించిన మూడు పత్రికలను ఏడాదికొకటిగా నేను కుట్టిన పదిహేను సంపుటాలు నా మనవరాలికి. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా ఉంచకూడదు. విప్పి, ఆరో షరతులో చెప్పిన పేజీలను వాటి వాటి చోట్ల పెట్టి, మళ్లీ కుట్టాలి. పేజీ లేనిచోట కుట్టు వదులవుతుంది కాబట్టి సన్నని కాగితపు పట్టీలు పెట్టాను. ఆ పట్టీ ఎక్కడ కనబడితే అక్కడ ఒక పేజీ లోటు. కుట్టే పని బైండరు అమ్మాయి ఒప్పుకుంది.

ఐదు. ఇకముందు నా మనవరాలికి పత్రికలు ఎంచడం గురించి. ఇది ఆస్తి కిందికి రాదని లైబ్రేరియన్ గారన్నారు. నా దగ్గర పనికొచ్చేది ఇదొక్కటే కాబట్టి రాయమన్నాను.

అట్ట మీద ‘పది నుంచి పద్నాలుగేళ్ల వారికి’ అని ఉంటే నమ్మవద్దు. ఒక పేజీ పిల్లకిచ్చి, చదివాక ఏమడుగుతుందో చూడాలి. ఏమీ అడక్కపోతే అది మరీ తేలికైనా అయి ఉంటుంది, మరీ కష్టమైనా అయి ఉంటుంది. శాస్త్రవేత్తలు ఏం కనుక్కున్నారో పత్రిక చెప్పి వదిలేస్తే చాలదు, ఎలా కనుక్కున్నారో చెప్పాలి, మధ్యలో ఎక్కడ బోల్తాపడ్డారో కూడా చెప్పాలి. పోయిన నెల అచ్చులో వచ్చిన తప్పును ఈ నెల ఒప్పుకుని దిద్దే పత్రిక మంచిది. ఎన్నడూ తప్పు ఒప్పుకోని పత్రికకు చందా కట్టవద్దు. ఇంట్లో దొరికే వస్తువులతో చేసి చూసే పని నెలకొకటైనా ఉండాలి. ఉత్తరాల పేజీ తప్పకుండా ఉండాలి, అందులో జవాబు పిల్లల్ని మెచ్చుకోవడంతో ఆగకూడదు. సైన్సుకు ఒకటి, దేశాలూ మనుషుల సంగతులకు ఒకటి, లెక్కల చిక్కులకు ఒకటి చాలు. నాలుగోది దానికి నచ్చినది, మనకు నచ్చినా నచ్చకపోయినా.

మెరిసే బొమ్మలు చూసి మోసపోవద్దు. అలాంటిదొకటి మూడు నెలలు తెప్పించాను. మావాడు మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, “తాతా, ఇందులో కాగితం బాగుంది” అన్నాడు. ఆ చందా ఆపేశాను.

ఆరు. పత్రికలు పోస్టులో నా పేరున వచ్చేవి. ముందు నేను చదివి, తర్వాత పిల్లలకిచ్చేవాణ్ని. మనవడికి పదకొండో ఏడు నడుస్తుండగా సైన్సు మాసపత్రికలో గుండె జబ్బుల మీద నాలుగు పేజీలు వచ్చాయి. కవాటం చెడి పుట్టిన పిల్లలు ఎన్నేళ్లు బతుకుతారో చెప్పే పట్టిక ఒకటి అందులో ఉంది. ఆ పేజీలు కోసేశాను. పేరు విషయసూచికలో ఉంటుందని ఆ కాగితం కూడా తీశాను. బైండరు కోస్తే ఆనవాలు కనిపించదు.

అక్కడితో ఆగి ఉంటే వేరే సంగతి. తర్వాత ఏ జంతువు ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పే పేజీ తీశాను. ఆరిపోయిన నక్షత్రం మీద రాసినది తీశాను. చచ్చిపోయిన పిల్ల దగ్గర నిలబడిన ఏనుగు బొమ్మ తీశాను. మూడేళ్లలో మొత్తం నలభై ఒక్క కాగితం. వాడు ఒక్కసారి కూడా అడగలేదు. ప్రతిదీ అడిగేవాడు ఇది అడగడం లేదేమిటని నాకు తట్టలేదు. నా పనితనం అంత బాగుందనుకున్నాను.

ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు పేజీల వరస చూసుకోవాలి. బైండరు చేసే మొదటి పని అది. వాడికి ఆరేళ్లున్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ పని నేర్పింది నేనే.

వాడు పోయిన నెలకు వాడి లెక్కల పుస్తకాల మధ్య ఒక నోటుబుక్కు దొరికింది. అట్ట మీద ‘రాని పేజీలు’ అని రాసుకున్నాడు. లోపల ఏ నెల, ఏ పత్రిక, ఏ పేజీలు, పక్కన అక్కడ ఏముండి ఉంటుందోనని వాడి ఊహ. కొన్ని ఇక్కడ రాయిస్తున్నాను.

‘మార్చి. 23 నుంచి 26 వరకు లేవు. విషయసూచిక కూడా లేదు. అంటే పేరు కూడా చూడకూడనిది.’

‘మే. 9, 10. పాముల గురించి అయ్యుంటుంది. తోక భయపడుతుందని తీసి ఉంటారు.’

‘జూలై. 31, 32. ఇది నా గురించే. ఇవాళ తాత నాతో ఎక్కువసేపు ఆడాడు.’

‘సెప్టెంబరు. ఉత్తరాల పేజీ లేదు. నాది వేసి ఉంటారు.’

ఆ చివరిది నాకు అర్థం కాలేదు. కోసిన కాగితాలన్నీ ఒక దళసరి కవరులో పెట్టి దాచాను. కాగితం పారేసే అలవాటు నాకు లేదు. తీసి చూశాను. ఆ పేజీకి పైభాగాన గుండె బొమ్మ ఉంది. నేను అది చూసి కోశాను, కింద ఏముందో చదవలేదు. కింద మా మనవడి ఉత్తరం ఉంది. వాడి పేరు, వయసు, ఊరు అచ్చయి ఉన్నాయి. ‘కవాటం సరిగా మూసుకోకపోతే వెనక్కి వచ్చే రక్తం చప్పుడు చేస్తుందా? ఎడమవైపు తిరిగి పడుకుంటే నాకు వినిపిస్తుంది’ అని అడిగాడు. పత్రికవాళ్లు తొమ్మిది వరసల జవాబిచ్చారు. చేస్తుందని, ఎందుకు చేస్తుందో బొమ్మలో చూపించామని రాశారు. ‘ఇంత శ్రద్ధగా విన్నవాడివి, ఇంకేం వినిపించాయో మాకు రాయి’ అని ముగించారు.

వాడు మళ్లీ రాయలేదు. ఆ మాట వాడికి అందితే కదా.

ఆ నోటుబుక్కులో చివరి పేజీన ఇలా ఉంది: ‘తాతని అడగకూడదు. అడిగితే చెప్పాల్సి వస్తుంది.’

దళసరి కవరు, అందులోని నలభై ఒక్క కాగితాలు, ఉత్తరాల పేజీతో సహా, నా మనవరాలికి. ఏవీ తీయకుండా, ఎవరూ ముందు చదవకుండా ఇవ్వాలి. పోస్టాఫీసులో నా పేరున ఉన్న సొమ్ము దాని పత్రికల చందాలకే వాడాలి. ఇకమీద పత్రికలు దాని పేరునే రావాలి. పైకాగితం అదే విప్పాలి.

ఏడు. నోటుబుక్కు నా కూతురికి. దానితోపాటు ఈ మాట కూడా. మొదటి నాలుగు పేజీలు వచ్చిన రోజు నా భుజం మీదుగా ఆ పట్టిక చూసి తను, “నాన్నా, ఇది వాడి కంట పడనీయకు” అంది. అంతే అంది. మిగతావాటి సంగతి అప్పట్లో తనకు తెలియదు. నోటుబుక్కు దొరికినప్పటినుంచి, తన నోటి మాటవల్లే అంతా జరిగినట్టు, పోస్టు వచ్చే వేళకి పెరట్లోకి వెళ్లిపోతుంది. తల్లి ఒక్క పట్టిక దాచమంది. మిగతా కాగితాలన్నీ నేను కోశాను. ఎవరూ చెప్పకుండా కోశాను. ఈ సంగతి నోటితో చెప్పబోతే నా కూతురు విననివ్వదు. ఇప్పుడు సాక్షుల సంతకాలతో ఉంది కాబట్టి వినాలి.

ఎనిమిది. పై ఏర్పాటుకు ఒకే ఒక మినహాయింపు. నా మనవరాలు ఏడాదిగా ఆరోగ్య పత్రిక ఒకటి తెప్పించమని అడుగుతోంది. పత్రిక మంచిదే, ఐదో షరతులో చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. కాని దాని అన్న జబ్బు అందులో రంగుల బొమ్మలతో వస్తూ ఉంటుంది. కాబట్టి దానికి పద్దెనిమిదేళ్లు నిండేవరకు ఆ ఒక్క పత్రికకు చందా కట్టకూడదు.

తొమ్మిది. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత లైబ్రేరియన్ గారిది. నేను పనిలో ఉన్నప్పుడు మేం రెండుసార్లు పోట్లాడుకున్నాం. రెండుసార్లూ ఆయనదే తప్పు. అయినా తాళాలు ఎవరికివ్వాలని ఆలోచిస్తే ఆయనే గుర్తొచ్చారు. నా మనవడు పత్రికకు రాసిన ఉత్తరాన్ని మా వీధి పోస్టుమాన్ ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్లి డబ్బాలో వేశాడు. ఆయనకి ఏదైనా ఇవ్వాలనుకున్నాను. సాక్షిగా సంతకం పెట్టేవాడికి ఇవ్వకూడదట. ఏదో ఒకటి వదులుకోమంటే ఆయన సంతకమే పెడతానన్నాడు.

చేర్పు. నాకు చూపు ఆనదు కాబట్టి పై కాగితాలను సాక్షుల ఎదుట ఎవరైనా పైకి చదవాలి. ఆ పని నా మనవరాలికి అప్పజెప్పాను. ఆరో షరతు ముఖాముఖి చెప్పే ధైర్యం లేక అలా చేశాను. అది నిలబడి చదివింది. ఆరో షరతు దగ్గర ఆగలేదు. రాని పేజీల లెక్క అన్నతో కలిసి తనూ చూసిందట. ఏడో షరతు దగ్గర వాళ్లమ్మ వంటగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. పూర్తయ్యేదాకా కదల్లేదు.

ఎనిమిదో షరతు చదివి చిన్నది కాగితం బల్ల మీద పెట్టేసింది.

“తాతా, ఇది కొట్టేయి,” అంది.

ఎందుకని అడిగాను.

“అన్నయ్యకి ఏమైందో నాకెవ్వరూ చెప్పలేదు. అమ్మని అడిగితే ఏడుస్తుంది. నిన్నడిగితే లెక్కలు చేయిస్తావు. ఇంకెక్కడ చదవను?”

లైబ్రేరియన్ గారు కలం మూత పెట్టి నావైపు చూశారట. నాకు కనిపించలేదు, రెండో సాక్షిగా వచ్చిన ఆసుపత్రి కంపౌండరు తర్వాత చెప్పాడు. దాని అమ్మే ముందు మాట్లాడింది. “కొట్టేయి నాన్నా,” అంది.

కాబట్టి ఎనిమిదో షరతు నా ఇష్టప్రకారం కొట్టివేయడమైనది. ఆ గీత పక్కన నేనూ సాక్షులిద్దరూ పొట్టి సంతకాలు చేశాం. దాని బదులుగా: ఆరోగ్య పత్రిక చందా నా మరణంతో పని లేకుండా, ఈ నెలనుంచే కట్టాలి. సంచిక వచ్చినప్పుడు నేను బతికుంటే నా మంచం దగ్గర కూర్చుని అది పైకి చదవాలి. అడిగినదానికి నాకు తెలిసినంత చెబుతాను. తెలియనిది పత్రికకు రాద్దాం.

మొత్తం చదవగా విని, అర్థం చేసుకుని, సరిగా ఉందని ఒప్పుకుని సంతకం చేశాను.

తేదీ: ఆగస్టు పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలు.

(సంతకం) గ్రంథాలయం పాత బైండరు

సాక్షులు:
1. (సంతకం) మా వీధి పోస్టుమాన్
2. (సంతకం) ఆసుపత్రి కంపౌండరు

రాసినవారు: లైబ్రేరియన్
పైకి చదివినవారు: మనవరాలు