మానేసిన బీపీ గోలి

జనగామ,
ఫిబ్రవరి 9, 2025.

చెల్లె శారదకు అక్క మాధవీలత ప్రేమగా దీవించి రాసేది. భూపాలపల్లిలో నువ్వు, మరిది, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం బాగున్నాం. ఫోన్లో చెబితే నవ్వి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

మా వెనకింటి ఐలమ్మ నీకు తెలుసు కదా. బట్టల కొట్లో రోజంతా కూర్చుని కూర్చుని ఆమెకు నడుము పట్టేసేది. ఊపిరితో పాటు ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి ఆగకుండా సాగే ఆ విన్యాస యోగా నాతోపాటే నేర్చుకుంది. నిజంగానే మేలు చేసింది. నడుము వదులైంది, నిద్ర పట్టింది, కోడలిని కసురుకోవడం తగ్గింది. బీపీ కూడా కొంచెం దిగింది. దాంతో ఎవరికీ చెప్పకుండా గోలీలు మానేసింది. నేర్పే అమ్మాయి అడిగితే వేసుకుంటున్నానని అబద్ధం చెప్పింది.

పోయిన సోమవారం తల కిందికి వంచి నడుము పైకెత్తే ఆసనంలో ఉండగా కుడి చెయ్యి జారిపోయింది. లేవబోతే ఆ చెయ్యి రాలేదు. పిలుద్దామంటే నోరు ఒక పక్కకు లాగేసి మాట ముద్దగా వచ్చింది. చుట్టూ అందరూ ఊపిరి పీలుస్తూ, వదులుతూనే ఉన్నారు. ఎవరూ ఇటు చూడరు. ఆ క్షణంలో పట్టుకున్న భయం, శారదా, ఇంకా ఒంట్లోంచి పోలేదు.

మెదడులో రక్తం గడ్డ అడ్డుపడిందట. తొందరగా దవాఖానకు తేబట్టి బతికిందన్నారు. డాక్టరు కోప్పడలేదు. "యోగా మంచిదే అమ్మా. గని గోలి పని గోలిదే. ఆపాల్నా వద్దా మేం చూసి చెప్తం. బీపీ గింత ఉన్నప్పుడు తల కిందికి పెట్టుడు వద్దు" అన్నాడు.

మహబూబాబాద్ పెళ్లిలో నువ్వూ గోలీలు మానేశానన్నావు. అది తలచుకుంటే అన్నం దిగడం లేదు. ఒంట్లో బాగుందని నమ్మకు. బాగున్నట్టే ఉంచి బీపీ పడగొడుతుంది. ఈ ఉత్తరం అందగానే డాక్టరుకు చూపించుకో. యోగా మానమనను, ఆయననడిగి చెయ్యి.

మీ అందరికీ మా దీవెనలు.

నీ అక్క,
మాధవీలత

తా.క. చిన్నమ్మా, నేను దీపను. పైదంతా అమ్మ చెబుతుంటే రాశాను. ఇది తనకు తెలియకుండా రాస్తున్నాను. ఐలమ్మకు ఏమీ కాలేదు. పడిపోయింది అమ్మే. పెళ్లిలో నీ మాట విని తనూ మానేసింది. తెలిస్తే నువ్వు కుమిలిపోతావని ఐలమ్మ పేరు రాయించింది. ఇంకా దవాఖానలోనే ఉన్నాం. కుడి చెయ్యి లేవడం లేదు. నిద్రలో ఉలిక్కిపడి లేచి, "శారద గోలి ఏసుకున్నదా?" అని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?