అతుకు ఊడలేదు

అన్నయ్యా,

మన గోదాంలో నువ్వు కడుతున్న చెక్క విమానానికి జిగురు తెస్తూ పొట్టంగి ఘాట్‌లో లారీ కింద పడి నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే నాన్న గోదాంలోకి వెళ్లి, నువ్వు కట్టిన దాని రెక్కని గొడ్డలితో నరికేశాడు. "నా కొడుకుని మింగీసింది ఇదే!" అని అరుస్తూ, చేతులు నెత్తురు కారేదాకా నరికాడు.

గాల్లో ఊడిపోతుందేమోనని, ఆ రెక్కకి మొదటి జిగురు అతుకు వేయడానికి నువ్వు నెల్రోజులు భయపడ్డావు. "పనికిరాని ముక్కలు అతికించి సుత్తితో బాదు. సెక్క విరిగినా అతుకు నిలబడితే ఇంకా భయమేటి?" అని నేనే నిన్ను తిట్టాను.

ఇవాళ నరికిన రెక్క ముక్కలన్నీ ఏరి నాన్న ముందు పోశాను. చెక్క ఎక్కడపడితే అక్కడ చీలింది. ఒక్క అతుకూ ఊడలేదు. నాన్న ఒక్కొక్కటీ లాగి చూశాడు.

"అమ్మీ, జిగురుందేటి?" అన్నాడు.

నువ్వు పోయిన రోజు నీ సంచిలో దొరికిన సొట్టపడ్డ జిగురు డబ్బా తెచ్చి ఇచ్చాను.