తొట్టిలోని నలభై కప్పలు

పటమట, విజయవాడ
12 జూలై 2025

గౌరవనీయులైన కాశిం బాబాయి గారికి,

మీ కృప సలాములూ నమస్కారాలూ అందుకోండి. ఇక్కడ మేమంతా బాగున్నాం. జైతూన్ పిన్ని మోకాళ్ల నొప్పులు తగ్గాయని తలుస్తాను. ఫోన్ చేద్దామని మూడుసార్లు నంబరు తీసి మానేశాను. ఫోనులో అయితే నన్ను మధ్యలోనే ఆపేసి, "ఇప్పుడవన్నీ ఎందుకులేమ్మా" అంటారు. ఉత్తరాన్ని ఆపలేరు కదా!

మీ చిరునామా మహెక్ ఇచ్చింది, ఉత్తరం తనే చదివి వినిపిస్తానంది. పోయిన నెల మచిలీపట్నంలో ఒక బడి పిల్లలకు కప్పల గురించి చెప్పడానికి వెళ్లాను. అయిపోయాక ఒక టీచరమ్మ దగ్గరకొచ్చి, "నేను కాశిం గారి అమ్మాయినండీ" అంది. రెండు జడలేసుకుని మన కాలేజీ ల్యాబు మెట్ల మీద కూర్చునే పిల్ల!

నా సంగతులు చెప్తాను. పీహెచ్‌డీ అయ్యాక పదిహేనేళ్లు పడమటి కనుమల్లో కప్పల రోగాల మీదే పనిచేశాను. బురదలో కాలు విరిగింది ఒకసారి, జలగలు పట్టినదానికి లెక్కే లేదు. ఇప్పుడు మన డెల్టాకే తిరిగొచ్చాను. కాలవలకు నీళ్లు వదిలారు. కంకిపాడు పొలాల్లో తెల్లారేసరికి కప్పల గోల వింటుంటే, మీ లూనా వెనక కూర్చుని వెళ్లిన రోజులే గుర్తొస్తాయి. అరుపు విని, "ఇది గట్టు మీదిది కాదమ్మా, నీళ్లలోది" అని మీరు చెప్పేవారు. టీ కొట్టు దగ్గర మీరు కప్పలా అరిచి చూపిస్తే కొట్టాయన గ్లాసు జారవిడిచాడు. నేను పుస్తకాల్లో చదువుకున్న కప్పకు ప్రాణం పోసింది మీరు.

ఇప్పుడు అసలు కబురు. 2003లో ల్యాబు తొట్టిలో ఆరు రోజుల్లో నలభై కప్పలు చనిపోయాయి కదా. కుళాయి నీళ్లు నిలవ ఉంచకుండా నేరుగా పోశారని, అందులోని క్లోరిన్ మందుకే చచ్చాయని, మన డిపార్టుమెంటు హెడ్డుగారు మిమ్మల్ని ల్యాబు అటెండరు పనిలోంచి తీసేశారు. మీరు ఆటోనగర్లో లారీల షెడ్డులో చేరారని తర్వాత విన్నాను.

ఆ కప్పల చర్మం ముక్కలు కొన్ని నేను స్పిరిట్‌లో దాచాను. ఈ ఏడాది వాటిని పరీక్ష చేయించాను. కప్ప చర్మంతోనే నీళ్లు తాగుతుంది, చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది. ఆ చర్మానికి కంటికి కనిపించని ఒక బూజు పడుతుంది. ఒంట్లో ఉప్పులు తగ్గిపోయి చివరికి గుండె ఆగిపోతుంది. ఆ ముక్కల నిండా అదే ఉంది. మీరు పట్టుకొచ్చినవాటితో పాటు వేరే ఊరి నుంచి తెప్పించి కలిపిన కప్పలతో వచ్చి ఉంటుంది. తొట్టి పెట్టిన ఏసీ గది చల్లదనం దానికి కలిసొచ్చింది. నీళ్ల వల్ల కాదు బాబాయి. వచ్చే నెల అచ్చయ్యే మా పరిశోధన వ్యాసంలో, కప్పలను సేకరించినవారు షేక్ కాశిం అని మీ పేరు వేయించాను.

వచ్చే శనివారం కంకిపాడులో రైతులకూ డిగ్రీ పిల్లలకూ శిక్షణ పెట్టాం. రోగం వచ్చిన కప్పను గుర్తుపట్టడం నేను చెప్తాను. అరుపుల పాఠం మాత్రం నా వల్ల కాదు. మీరే రావాలి.

పిన్నికి నమస్కారాలు, మహెక్‌కు ఆశీస్సులు.

మీ
కృప

తా.క.: మహెక్, ఇక్కడి నుంచి కాస్త గట్టిగా చదువమ్మా. అమ్మకు కూడా వినపడాలి.

బాబాయి, ఆ రోజు తొట్టిలో నీళ్లు మార్చింది నేను. పిన్నికి జ్వరమని మీరు ఆలస్యంగా వచ్చారు. నేను తొందరలో కుళాయి నీళ్లే పట్టేశాను. కప్పలు చచ్చాక హెడ్డుగారు వచ్చి, "ఎవరు మార్చారయ్యా నీళ్లు?" అని కేకలేశారు. మీరు ఒక్కసారి నా వంక చూసి, "నేనేనండీ" అన్నారు. నేను నోరు విప్పలేదు. నా పీహెచ్‌డీ పోతుందని భయపడ్డాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఏ భయమూ లేకపోయినా విప్పలేదు.

బూజు సంగతి తేలినప్పుడు, ఇద్దరి తప్పూ లేదని సరిపెట్టుకుందామనుకున్నాను. కానీ ఆ రోజు బడిలో మహెక్, "మా నాన్న కప్పల్ని చంపేశారని పనిలోంచి తీసేశారంటండీ, ఇంట్లో ఆ మాటెత్తితే లేచి బయటికెళ్లిపోతారు" అంది. కప్పలు దేనివల్ల చచ్చినా, మీ పని పోయింది నా మౌనం వల్లే.

జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి, నిన్న మన పాత కాలేజీలో ఇచ్చొచ్చాను. దాని నకలు ఈ కవరులోనే పెట్టాను. శనివారం పొద్దున్నే కారు తీసుకుని మీ ఇంటికి నేనే వస్తాను. గుమ్మం బయటే నిలబడతాను. లోపలికి రమ్మనడం, వద్దనడం మీ ఇష్టం.