కెప్టెన్ కోటు లోపలి జేబు

చిరంజీవి అబ్బాయికి,

పిన్ని దీవించి రాసేది. నేను బాగానే ఉన్నాను. కుట్టుమిషను కూడా బాగానే ఉంది. తొక్కినప్పుడల్లా కిర్రుమంటోంది గానీ, దానికీ నా మోకాళ్లకీ ఒకటే వయసు కాబట్టి ఏమీ అనలేను.

కథ బయటికి పొక్కుతుందని, రాసేవాళ్లందరినీ స్టూడియో వెనక ఇంట్లో కూర్చోబెట్టి, ఫోన్లు తీసేసుకుని, గేటుకి తాళం వేశారని వ్యాను నడిపే పొడుగాయన చెప్పాడు. అందుకే ఈ ఉత్తరాన్ని బట్టల మూటలో, ఇంజనీరు ప్యాంటు కుడి జేబులో పెడుతున్నాను. డ్రెస్సుల గది ఆవిడ నీకు అందిస్తానంది. నువ్వు కూడా జవాబు ఏదో ఒక ప్యాంటు జేబులోనే పెట్టు. కోటు జేబులో మాత్రం వద్దు. కోటు నేరుగా నటుల ఒంటి మీదికి పోతుంది.

అసలు సంగతికి వస్తాను. మీ 'గువ్వ నౌక' సీరియల్‌కి పన్నెండేళ్లుగా బట్టలు కుడుతున్నాను. చుక్కల మధ్య దారి తప్పిన ఆ అంతరిక్ష నౌక ఇల్లు చేరుతుందా లేదా అని లోకమంతా గోళ్లు కొరుక్కుంటుంటే, నేను మాత్రం ఆర్డరు చిట్టీలు చూసి కథ చెప్పేస్తాను. మూడో సీజన్లో తడిసినా ముడుచుకోని గుడ్డ అడిగారు. నౌక సముద్రంలో పడుతుందని లాండ్రీ ఆవిడకి రెండు నెలల ముందే చెప్పాను.

ఇది చివరి సీజన్. నిన్న వచ్చిన చిట్టీలో ఏముందో తెలుసా? "కెప్టెన్ కోటు, ఐదు. అన్నిటికీ ఎడమ ఛాతీ మీద రెండంగుళాల చిరుగు." అక్కడ ఏముంటుందో నాకు తెలీదనుకున్నావా? గుండె ఉంటుంది. పన్నెండేళ్లు తిప్పి తిప్పి చివరికి ఆ మనిషిని చంపేస్తారా?

ఇట్లు,
మీ పిన్ని

తా.క. చంపితే చంపారు, ఐదుసార్లు ఎందుకు?


పిన్నికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. దానితోపాటు జేబులో ఉన్న గుండుసూది కూడా అందింది, వేలికి.

కథ ఎవరికీ చెప్పనని నేను సంతకం పెట్టిన కాగితం పదకొండు పేజీలు. తల్లికి, తండ్రికి, భార్యకి చెప్పకూడదని మొదటి పేజీలోనే ఉంది. పిన్ని అని రాయలేదుగా అంటావని తెలుసు. చివరి పేజీలో 'ఇతర బంధువులు' అని ఉంది. నీలాంటి పిన్ని ఇంకెవరికో కూడా ఉన్నట్టుంది.

చిరుగు సంగతి నువ్వు అనుకుంటున్నది కాదు. ఇంతకంటే ఒక్క ముక్క కూడా చెప్పలేను. చిట్టీలో ఎలా ఉంటే అలా కుట్టిపెట్టు, నీకు పుణ్యముంటుంది.

ఇంకో మాట. మూడో సీజన్లో నౌక సముద్రంలో పడలేదు పిన్నీ. వాన పడింది.

నీ
అబ్బాయి

తా.క. లాండ్రీ ఆవిడకి ఏమీ చెప్పకు.


చిరంజీవి అబ్బాయికి,

ఆశీస్సులు. "నువ్వు అనుకుంటున్నది కాదు" అన్నావంటే కచ్చితంగా అదేనన్నమాట. చిన్నప్పుడు మీ అమ్మ గాజు కూజా పగిలినప్పుడు కూడా వెనక్కి చేతులు పెట్టుకుని ఇదే మాట అన్నావు.

ఇవాళ ఇంకో చిట్టీ వచ్చింది. చేతికి కట్టుకునే నల్ల పట్టీలు, ఎనిమిది. కెప్టెన్‌ని తీసేస్తే నౌకలో ఎంతమంది మిగులుతారు? నేను వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టాను. ఎనిమిదే. ఇక దాని కిందే, నౌకలోని డాక్టరమ్మకి నేల దాకా జీరాడే తెల్ల గౌను. ఆ పిల్ల కెప్టెన్ మీద మనసు పెట్టుకుని ఏడేళ్లుగా చెప్పలేక ఛస్తోంది. ఇప్పుడు తెల్ల గౌను వేసుకుని సమాధి దగ్గర చెబుతుందా? మీకు మనసెలా ఒప్పిందిరా?

నాకు ఒప్పలేదు. అందుకే చిన్న సర్దుబాటు చేశాను. కంగారు పడకు. ఐదింటికీ చిరుగు పెట్టాను, రెండంగుళాలే పెట్టాను. కాకపోతే గుండె మీద నుంచి తీసి, నడుం పక్కకి జరిపాను. అక్కడ ఏం తగిలినా మనిషికి ఏమీ కాదు. మీ బాబాయికి సరిగ్గా అక్కడే తలుపు మేకు గీరుకుంటే నాలుగు కుట్లు వేశారు. వారంలో లేచి తిరిగాడు.

లాండ్రీ ఆవిడకి చెప్పొద్దన్నావు. చెప్పలేదు. రెండు చిట్టీలూ బల్ల మీద పరిచి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను. ఆవిడకి చదవడం వస్తే అది నా తప్పా?

ఇట్లు,
పిన్ని

తా.క. ఆవిడ బాగా ఏడ్చింది. ఏడుస్తూనే బ్రెడ్డు కొట్టుకి వెళ్లింది. అక్కడ ఎందుకు ఏడుస్తున్నావని ఎవరైనా అడిగితే పాపం ఏం చేస్తుంది?


పిన్నికి,

నమస్కారం పెట్టే ఓపిక లేకపోయినా పెడుతున్నాను.

కాగితం మీది సంతకం ఎలా పోతే అలా పోనీ, ఇప్పుడు అన్నీ చెప్పేస్తాను. కెప్టెన్‌ని ఎవరూ కాల్చరు. ఆయన ఉద్యోగం వద్దని, కోపంతో ఛాతీ మీది బిళ్లని గుడ్డతో సహా పీకి పారేస్తాడు. సులువుగా చిరగాలని అక్కడ ముందే చిరుగు పెట్టమన్నాం. ఒకసారికి సరిగ్గా రాకపోతే మళ్లీ తీయాలి కాబట్టి ఐదు అడిగాం. నల్ల పట్టీలు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకునే రేడియోలు. కెప్టెన్ ఉద్యోగం మానేశాడు కాబట్టి ఆయనకి లేదు. డాక్టరమ్మ గౌను, రాత్రి పడుకోవడానికి వేసుకునేది. అంతే!

సోమవారం షూటింగులో ఆయన బిళ్ల పట్టుకుని బలంగా లాగాడు. ఛాతీ మీది గుడ్డ ఊడలేదు. నడుం దగ్గర నువ్వు పెట్టిన చిరుగు చంక దాకా సాగి బనియను బయటపడింది. "ఉద్యోగం మానేస్తున్నాడా, స్నానానికి వెళ్తున్నాడా?" అని దర్శకుడు అరిచాడు. ఐదు కోటులూ అలాగే పోయాయి.

అదీ పెద్ద కష్టం కాదు. మీ బ్రెడ్డు కొట్టు నుంచి కబురు పత్రికకి ఎక్కింది. ఇప్పుడు గేటు బయట రెండు వందల మంది, 'కెప్టెన్‌ని చంపొద్దు' అని అట్టలు పట్టుకుని నిలబడ్డారు. నిర్మాత మేడ మీద నుంచి వాళ్లని చూశాడు. చూసి బాధపడతాడనుకున్నాను. చేతులు రుద్దుకున్నాడు. "చస్తాడేమో అంటేనే ఇంతమంది వస్తే, నిజంగా చస్తే ఎంతమంది చూస్తారు!" అన్నాడు. సాయంత్రానికల్లా చంపేయమన్నాడు.

పిన్నీ, మేం రాసుకున్న ముగింపులో నౌక ఇల్లు చేరుతుంది. కెప్టెన్ తన ఇంటి గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటాడు. అదే చివరి షాటు. దానికోసం ఎనిమిది నెలలు అందరితో పోట్లాడి ఒప్పించాను. నువ్వు కాపాడేదాకా ఆయన క్షేమంగానే ఉన్నాడు.

అబ్బాయి

తా.క. కొత్త చిట్టీ పంపుతున్నాను. "కెప్టెన్ కోటు, ఒకటి. గుండె మీద కాలిన రంధ్రం. లోపలి జేబు ఒకటి, ఆరంగుళాలు, చెయ్యి సులువుగా దూరాలి." ఈసారి నువ్వు అనుకుంటున్నదే. దయచేసి ఏదీ జరపకు.


అబ్బాయ్,

రంధ్రం చిట్టీలో చెప్పిన చోటే పెట్టాను. అంగుళం కూడా జరపలేదు. సూదిలోకి దారం ఎక్కించడానికి మూడుసార్లు పట్టింది. కళ్లజోడు మసకేసింది అనుకున్నాను గానీ కళ్లజోడు బాగానే ఉంది.

నేనెందుకంత అల్లరి చేశానో నీకు తెలియాలి. మొదటి సీజన్ అప్పుడు కెప్టెన్ వేసే ఆయన కొలతలకి రాలేదు. మర్నాటికల్లా కోటు కావాలన్నారు. మీ బాబాయి టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ గ్లాసు కింద పెట్టి ఇలా రా అని, ఆయన కొలతలతోనే కత్తిరించేశాను. మర్నాడు ఆ నటుడు తొడుక్కుంటే పోతపోసినట్టు సరిపోయింది. ఇప్పటికీ నా కొలతల పుస్తకంలో కెప్టెన్ పేజీ మీద మీ బాబాయి పేరే ఉంటుంది.

నాలుగో సీజన్ మధ్యలో మీ బాబాయి పోయాడు. ఆ భుజాలు మాత్రం ప్రతి గురువారం సాయంత్రం ఏడింటికి టీవీలో తలుపు తోసుకుని వస్తూనే ఉన్నాయి. నేను కథ చూడనురా. ఆ భుజాల్ని చూస్తాను. సీరియల్ అయిపోతుందంటే సరే అనుకున్నాను, ఎన్నాళ్లని నడుస్తుంది! కానీ ఆ కోటుకి నా చేత్తోనే చావు కుట్టమన్నారు చూడు, అది నా వల్ల కాలేదు.

కెప్టెన్‌గారి పొట్ట ఇప్పుడు మీ బాబాయిని దాటిపోయింది. మూడేళ్లుగా ఎవరికీ చెప్పకుండా పక్క కుట్లు వదులు చేస్తూ వస్తున్నాను. తాను సన్నగా ఉన్నానని ఆయన నమ్మకం. నమ్మనీ.

గుమ్మంలో బూట్లు విప్పే ముగింపు బాగుంది. మీ బాబాయి ఒక్కనాడూ గుమ్మంలో విప్పలేదు. మట్టి బూట్లతో కత్తిరింపు బల్ల దాకా వచ్చేసేవాడు, నేను ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. ఇంటికి వచ్చేయమను. ఈసారి బూట్లతోనే లోపలికి వచ్చినా ఒక్క మాట అనను.

పిన్ని

తా.క. బయట చలిగా ఉంది. రంధ్రం ఉందని కోటు గుండీలు వదిలేయొద్దని చెప్పు.


పిన్నికి వెయ్యి నమస్కారాలు.

నీకు ఇంత మతిమరుపు ఎప్పటి నుంచి? కోటు జేబులో ఉత్తరం పెట్టొద్దని చెప్పిందే నువ్వు. నువ్వే పెట్టావు.

ఏం జరిగిందో విను. కెప్టెన్ కుప్పకూలాలి. ఎనిమిది మందీ చుట్టూ చేరాలి. ఆయన లోపలి జేబులో చెయ్యి పెట్టి, ఇంటికి దారి చూపే పాత మ్యాపు తీసి, చూసి, కళ్లు మూయాలి. చెయ్యి పెట్టాడు. నీ ఉత్తరం వచ్చింది. చివరి నిమిషంలో డైలాగు మార్చామేమో అనుకున్నాడట. ఆయన ముప్పై ఏళ్ల నటుడు, చేతికిచ్చిన కాగితం ఏదైనా చదివేస్తాడు. "అబ్బాయ్" అని గట్టిగా మొదలుపెట్టాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

ఉత్తరంలో టీ గ్లాసు దగ్గరికి వచ్చేసరికి లైట్లవాళ్లు కూడా పని ఆపి దగ్గరికి జరిగారు. భుజాల దగ్గర ఆయన తన భుజాన్ని చేత్తో తడుముకున్నాడు. పొట్ట దగ్గర చదవడం ఆపేసి, తల వంచి పొట్ట చూసుకుని, గుండెలో రంధ్రం ఉన్న మనిషి పకపకా నవ్వాడు. డాక్టరమ్మ ఏడుస్తూ నవ్వింది. చివరి మాటలు చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచి కూర్చున్నాడు. "నేను చావను. ఇంటికి వెళ్తున్నాను," అన్నాడు. చెప్పి, గుండీలు పెట్టుకున్నాడు.

అది మేం రాయలేదు. దర్శకుడు కట్ చెప్పలేదు. నిర్మాత అక్కడున్న తెర గుడ్డతో ముక్కు తుడుచుకుని, "ఇది ఎవరు రాశారు?" అన్నాడు. మా పిన్ని అన్నాను. "ఉంచేయండి, ఒక్క అక్షరం కొయ్యొద్దు," అని వెళ్లిపోయాడు. ముగింపు మాకు తిరిగి వచ్చింది. ఒక్క మార్పు. గుమ్మంలో బూట్లు విప్పడు, లోపలికి వచ్చేస్తాడు. ఈ గురువారం వస్తుంది. తప్పకుండా చూడు.

నీ మతిమరుపు చల్లగా ఉండాలి.

నీ
అబ్బాయి

తా.క. ఆయన తన పేరు మీద వేరే పేజీ రాయించుకోవాలట. నిజం కొలతలతో. గేటు తీశారు, మంగళవారం నీ దగ్గరికి బయల్దేరుతున్నాడు.


చిరంజీవి అబ్బాయికి,

ఆశీస్సులు. చూశాం. నేను, లాండ్రీ ఆవిడ, బ్రెడ్డు కొట్టాయన, పొడుగాయన, ఇంకో పదముగ్గురు. కత్తిరింపు బల్ల మీద కూడా కూర్చున్నారు. సుద్ద గుర్తులన్నీ వాళ్ల బట్టలకి అంటుకుపోయాయి. చివర్లో రచయితల పేర్లలో నా పేరు వచ్చింది, దర్జీల పేర్లలో కూడా వచ్చింది. రెండూ ఒకరే అంటే లాండ్రీ ఆవిడ నమ్మడం లేదు.

ఇక మతిమరుపు సంగతి. ఒరేయ్, చిట్టీలు చదవడం నాకు రాదని వాన గురించి దెప్పావు కదా. చివరి చిట్టీ మళ్లీ ఒకసారి గుర్తు చేసుకో. "లోపలి జేబు, ఆరంగుళాలు, చెయ్యి సులువుగా దూరాలి." చచ్చేవాడికి జేబెందుకురా? కెమెరా ముందు ఏదో తీసి చూడడానికి. అందుకే కాగితాన్ని ఆరంగుళాలకి మడిచాను. మీ వాళ్లు అందులో ఏదో పెడతారని తెలుసు కాబట్టి, జేబుకి రెండు అరలు కుట్టి, చెయ్యి మొదట తగిలే అరలో నాది పెట్టి, ముందే బయటపడకుండా, లాగితే ఊడిపోయే కుట్టు ఒకటి వేశాను. అబ్బాయ్ అని రాసింది నీ కోసమే గానీ, కత్తిరించింది ఆయన కొలతకి.

ఇట్లు,
పిన్ని

తా.క. మంగళవారం ఆయన వచ్చాడు. బయట వాన. మట్టి బూట్లతో నేరుగా కత్తిరింపు బల్ల దాకా వచ్చేశాడు. నేను ఒక్క మాట అనలేదు. కొలతలు రాసుకుని, టీ ఇచ్చి పంపించి, తర్వాత నేల తుడుచుకున్నాను.