చావు బీరు

1957 ఫిబ్రవరి 5
తోర్‌గేర్ దొరికాడు. రేవులో, పడవకీ గట్టుకీ మధ్య. తాగి జారాడు. ఒళ్లంతా మంచుగడ్డే, నోట్లోంచి మాత్రం ఇంకా బీరు కంపు. కడిగింది నేనే. కన్నబిడ్డ మొహం కడుగుతూ ముక్కు మూసుకున్నాను.

ఫిబ్రవరి 6
పక్కింటి గున్‌వోర్ అక్క వచ్చింది. ఏడ్చింది. కళ్లు తుడుచుకోకముందే బీరు ఎప్పుడు కాస్తావే అంది. చావింట బీరు ఆ ఇంటి ఆడదే కాయాలి గదా. తాగి చచ్చినవాడికి మళ్లీ బీరా అన్నాను. బీరు లేకుండా పూడిస్తే కుక్కని పూడ్చినట్టుంటుంది అంది.

ఫిబ్రవరి 7
బీరు పులియబెట్టే ఈస్ట్ పొయ్యిలో పడేశాను. మా అత్తగారి అత్తగారి నాటిది. బీరు కాసినప్పుడల్లా కొయ్య కడియానికి పట్టించి ఆరబెట్టి దాచుకుంటూ వచ్చాం. తోర్‌గేర్ బాప్తిస్మం బీరూ దాంతోనే. కాలుతుంటే మాడిన రొట్టె వాసన. పీడ పోయింది.

ఫిబ్రవరి 8
స్కూలు మాస్టారు పలకరించడానికొచ్చారు. ఈ మనుషులెందుకు తాగుతారండీ అని అడిగాను. మన నార్వేలోనే కాదమ్మా, మనిషి పుట్టిన దగ్గర్నుంచీ ఉన్నదే అన్నారు. ద్రాక్ష, బియ్యం, తేనె, ఏది దొరికితే అది పులియబెట్టారట. ఒకచోట గుర్రం పాలు కూడానట. పిల్ల తాగాల్సిన పాలు. ఎందుకు తాగుతారో మాత్రం ఆయన తేల్చలేదు. చలికి, అలుపుకి, దేవుడికి అని ఏవేవో అన్నారు. లేచేటప్పుడు ఆయన కోటులోంచీ అదే కంపు.
మనిషికి తన తలకాయలో తను ఉండడం అంత కష్టమా.

ఫిబ్రవరి 9
గున్‌వోర్ అక్క మళ్లీ. ఈస్ట్ తగలబెట్టానని చెప్పాను, ఇక నోరు మూసుకుంటుందని. నవ్వింది. సంచిలోంచి ఒక కడియం తీసి బల్ల మీద పెట్టింది. కిందటేడు వాళ్లది పాడైతే మా దాంట్లోంచే పట్టుకెళ్లింది. ఊళ్లో ఇంటింటా మీ ఈస్టే ఉందే, ఎన్ని పొయ్యిల్లో వేస్తావ్ అంది. తర్వాత మెల్లగా అంది.
"నీ వల్ల కాకపోతే చెప్పు. వాడికి నేను కాస్తాను."
ఒళ్లు మండింది. నా బిడ్డకి ఇంకొకరి చెయ్యా. కడియం లాక్కున్నాను.

ఫిబ్రవరి 10
కాశాను. ఈస్ట్ తొట్టిలో వేసేటప్పుడు అరవాలి, మా ఆనవాయితీ. అరుపు ఎంత గట్టిదైతే బీరు అంత గట్టిది. ఏ కేకైనా పర్లేదు. నా నోటికి వాడి పేరే వచ్చింది. గొంతు పోయేదాకా అరిచాను.

ఫిబ్రవరి 14
పూడ్చాం. మొగాళ్లు మీసాలకి నురగతో ఏడ్చారు, నవ్వారు, పాటలు పాడారు, గుమ్మంలో కక్కారు. ఇంత గట్టి బీరు ఎప్పుడూ కాయలేదమ్మా నువ్వు అని మెచ్చుకున్నారు. కక్కింది ఎత్తిపోశాను.

ఫిబ్రవరి 15
అడుగున మిగిలింది పారబొయ్యబోయి తాగాను.
ఆ కాసేపూ వాడు చచ్చిపోలేదు.
ఛీ.