పెద్దకర్మ కథకు ఆరువేలు

మావకి, దేవి రాస్తున్నాను. ఇక్కడ పిల్లదీ నేనూ కులాసా. అక్కడ నువ్వూ, తోటివాళ్ళూ ఒంట్లో బాగుండి, వలలు బరువుగా లేస్తున్నాయని తలుస్తున్నాను. ఫోనులో చెబుదామంటే నువ్వు స్పీకరు పెడతావు, బోటులో ఎనిమిది మందీ చెవులు రిక్కిస్తారు. అందుకే సెలవు అయిపోయి గుజరాత్‌లో మీ వెరావల్ రేవుకి వస్తున్న వినోద్ చేతికి ఈ కాగితం ఇస్తున్నాను.

"ఆ విశాఖ సంస్థోళ్ళు మన జముకుల కథ దళానికి ఊరికే ఇవ్వకుండా తిరిగి కట్టమనడమేటి?" అని రాశావు. ఊరికే ఇచ్చేవాళ్ళు ఒక్కసారి ఇచ్చి, ఫొటో దిగి పోతారు మావా. వీళ్ళు నాలుగు లక్షలిచ్చారు, వ్యానూ మైకుసెట్టూ వచ్చాయి. ఏడాదికి ఎన్ని కథలు చెబుతామో మనం రాసిచ్చిన లెక్కను బట్టి మూడు నెలలకో వాయిదా. మనం కట్టిన డబ్బు ఇంకో కళ బతికించుకునే వాళ్ళకి వెళ్తుంది. నాకది నచ్చింది, ఇప్పటికీ నచ్చుతోంది.

నీ కూతురికి ముందుపళ్ళు రెండూ ఊడాయి. పాట ఎత్తుకుంటే సగం గాలే వస్తోంది, అయినా ఊరుకోదు గడుగ్గాయి.

ఇక నువ్వడిగిన రెండో మాట. "ధనరాజు పెద్దకర్మకి కథ బాగా సెప్పినావా?" అన్నావు. నీ పక్కన వల లాగినవాడు, సముద్రం పాలయ్యాడు, అడగవా మరి! ఫోనులో అడిగినప్పుడల్లా మాట దాటేశాను.

చావు జరిగిన ఇంట మన దళం పైసా ముట్టదని నీకు తెలుసు. మా అమ్మ తమలపాకు మాత్రం పుచ్చుకునేది. దరఖాస్తులో ఆ సంగతి రాయడానికి భయమేసింది. ఊరికే చెబుతామంటే మనకెవరిస్తారు అనుకున్నాను. ఏడాదికి నలభై కథలని రాశాను, అందులో పద్నాలుగు కర్మ ఇళ్ళవే. వాయిదా నలభైకీ లెక్క కట్టారు. డబ్బేమో ఇరవయ్యారుకే వస్తుంది. పోయిన గడువుకి ఆరువేలు తక్కువ పడింది.

పెద్దకర్మ నాడు ధనరాజు ఇంట, తవిటమ్మ పిన్ని వాకిట్లో కథకి జముకు అందుకునే ముందు, సిగ్గు విడిచి, "పిన్నీ, ఈపాలి ఏదైనా ఇప్పించు" అన్నాను. కొడుకు పోయి పదకొండో రోజు మావా! ఆవిడ లోపలికెళ్ళి కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. అది ధనరాజు కర్మ కోసం మీ బోటువాళ్ళందరూ వేసుకుని పంపిన డబ్బు. ఆ సంగతి తెలిసే తీసుకున్నాను.

ఆ తర్వాత నెల్లాళ్ళు నాకు అన్నం సయించలేదు. చివరికి సంస్థలో మన దళం సంగతి చూసే విశాలి గారికి ఫోను చేసి ఉన్నదంతా కక్కేశాను. "ముందే చెబితే ఆ పద్నాలుగూ లెక్కలో వేసేవాళ్ళమే కాదు కదా దేవి గారూ" అంది. వాయిదా తగ్గించి, గడువు పెంచింది. అంతేనట! ఫోను పెట్టేసి ఏడ్చాను.

వ్యాను పెళ్ళిళ్ళకి కిరాయికి తిప్పి, ఆరువేలూ కూడబెట్టి నిన్న పట్టుకెళ్ళాను. తవిటమ్మ పిన్ని పుచ్చుకుంది.

"డబ్బుచ్చుకుని సెప్పినావు గదా. ఆ కథ నా కొడుక్కి సెందినట్టా, నేదా?" అంది.

కాళ్ళు పట్టుకుని, మళ్ళీ చెబుతానన్నాను.

"సెప్పు. ఇంటాను. నీ ఎదర మాత్రం కూకోను. లోపల్నుంచే ఇంటాను" అంది.

శుక్రవారం చెబుతున్నాం. వాళ్ళ డబ్బు నేనేం చేశానో బోటులో అందరికీ నువ్వే చెప్పు మావా. నన్ను వెనకేసుకు రాకు. ఎవరేమన్నారో ఒక్క మాట తగ్గించకుండా నాకు రాయి.

ఇట్లు,
నీ ముఖం చూసి చెప్పే ధైర్యం లేని
నీ భార్య దేవి